ఉప్పాడ తీరం: గోడ కట్టాలా, ఇసుక పోయాలా, ఊరిని వెనక్కి జరపాలా?

తీరరేఖ:
కాకినాడ–ఉప్పాడ బీచ్ రోడ్డు తుపాను వచ్చినప్పుడల్లా తెగుతోంది. 2010 ప్రాంతంలో వేసిన జియోట్యూబ్ గోడ నిలవలేదు. ఇప్పుడు మూడు మాటలు వినపడుతున్నాయి: పెద్ద బండలతో గోడ కట్టాలని ఒకరు, ఇసుక తెచ్చి పోయాలని ఒకరు, ఒడ్డు మీది ఇళ్లు వెనక్కి జరపాలని ఇంకొకరు. దయచేసి లెక్కలతో మాట్లాడండి.

రాతిపని:
నా ఓటు గోడకే. జియోట్యూబ్ అంటే ఇసుక నీళ్లతో నింపిన పొడవాటి గుడ్డ సంచి. ఒకచోట చిరిగితే ఇసుక కారిపోయి ట్యూబ్ కుంగుతుంది, పక్కది దొర్లుతుంది. ఎండకు గుడ్డ పెళుసెక్కుతుంది, పడవ లంగరు గీసుకున్నా చాలు చిరగడానికి.

రాయితో ఆ బాధ లేదు, కాకపోతే పద్ధతిగా పేర్చాలి. వాలు 1:2 (ఒక మీటరు ఎత్తుకు రెండు మీటర్ల అడ్డం), గోడను తాకే అల 2 మీటర్లు అనుకుంటే, అల ఎత్తును బట్టి రాయి బరువు చెప్పే హడ్సన్ సూత్రం ప్రకారం పై వరుస బండ దాదాపు 1.3 టన్నులుండాలి, అదీ రెండు వరుసలు. దాని కింద పదో వంతు బరువు రాళ్ల పొర, అన్నిటికీ అడుగున నీళ్లను వదిలి ఇసుకను ఆపే జియోటెక్స్‌టైల్ గుడ్డ. ఈ అడుగు గుడ్డ మానేసి ఇసుక మీదే బండలు దొర్లిస్తే పని చెడినట్టే. వెనక్కి లాగే ప్రతి అలా సందుల్లోంచి ఇసుకను పీల్చేస్తుంది, బండలు ఒక్కొక్కటే దిగిపోతాయి. గోడ కొట్టుకుపోయిందని అందరూ అనుకుంటారు గానీ, అది ఉన్నచోటే కూరుకుపోయి ఉంటుంది.

ఇసుకలెక్క:
రాతిపని గారూ, పేర్పు గురించి మీరు చెప్పిందంతా సరే. ఆ 1.3 టన్నుల దగ్గరే నా పేచీ. 2 మీటర్ల అల గోడ దాకా రావాలంటే అక్కడ నీళ్లు సుమారు 2.6 మీటర్లుండాలి. విరిగే అల ఎత్తు నీటి లోతులో 0.78 వంతు కదా. గోడకు కొట్టిన అల తిరగబడి పాదం దగ్గర ఇసుకను తోడేస్తుంది. ఒక్క మీటరు తోడిందనుకోండి, లోతు 3.6 అవుతుంది, అల 2.8 మీటర్లకు పెరుగుతుంది. రాయి బరువు అల ఎత్తు ఘనాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి ఇప్పుడు 3.6 టన్నుల బండ కావాలి. అంటే గోడ తనను పడగొట్టే అలను తానే పిలుచుకుంటోంది.

అసలు రోగం ఇసుక కరువు. ఈ తీరంలో ఏడాది మొత్తం మీద చూస్తే ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. గోదావరి పాయ నుంచి ఉత్తరంగా పెరిగిన హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ సుమారు 16 కిలోమీటర్లుంది. కాకినాడ పోర్టుకు అలల నుంచి కాపు అదే. కానీ ఉప్పాడకు చేరాల్సిన ఇసుకలో చాలా భాగం దాని కొస దగ్గరా, వెనకున్న అఖాతంలోనూ మేట వేస్తోంది. పైన నది మీద ఆనకట్టలు ఒండ్రును ఆపాయి. ఇక ఉప్పాడ ముందు ఎంత గోడ కట్టినా కోత ఆ గోడ ఉత్తరపు కొసకు జరుగుతుంది, అంతే.

మడచెట్టు:
కోరంగిలో మడ అడవి కాపాడుతోంది కదా, ఉప్పాడలో నాటలేమా?

ఇసుకలెక్క:
కుదరదండీ. కోరంగి మడలు హోప్ ఐలాండ్ దిబ్బ చాటున, బురదలో, అల తగలని చోట పెరిగాయి. ఉప్పాడది నేరుగా అల కొట్టే ఇసుక ఒడ్డు. మొలక వేరూనేలోపే పోతుంది. ఇసుక దిబ్బ మిగిలిన చోట్ల బాలబంది తీగ, రావణాసురుడి మీసాలు అనే ముళ్ల గడ్డి నాటితే పని చేస్తాయి. సరుగుడు గాలిని ఆపుతుంది గానీ కోతను ఆపదు.

రాతిపని:
సరే, ఇసుక ఎంత కావాలో చెప్పండి.

ఇసుకలెక్క:
ఒడ్డు ఎత్తు 2 మీటర్లు, అలకు ఇసుక కదిలే లోతు 6 మీటర్లు అనుకుందాం, మొత్తం 8. తీరం ఒక మీటరు ముందుకు రావాలంటే ప్రతి మీటరు పొడవుకీ 8 ఘనపు మీటర్లు కావాలి. కిలోమీటరు పొడవున 30 మీటర్ల బీచ్‌కు 2,40,000 ఘనపు మీటర్లు. పది ఘనపు మీటర్ల టిప్పర్లతో 24,000 ట్రిప్పులు, కాబట్టి ఇది డ్రెడ్జరు (నీటి అడుగున ఇసుక తోడే ఓడ) పని. పోర్టు కాలువలో తవ్వినదంతా పనికి రాదు, బురద మొదటి పోటుకే కరిగిపోతుంది. ఉప్పాడ ఇసుక రేణువంత లేదా కాస్త ముతకదే కావాలి. విశాఖలో పోర్టు తవ్విన ఇసుకను ఆర్కే బీచ్ మీద పోయడం ఏళ్లుగా ఉన్న పనే. ఒకసారి పోసి వదిలేసే పని కాదు, మళ్లీ మళ్లీ పోయాలి.

సరంగు:
వెనక్కి జరపడం గురించి ఎవరూ మాట్లాడలేదు. ఒడిశాలో సముద్రం కోసేసిన సాతభాయా ఊరివాళ్లను బాగపటియాకు తరలించారు, ప్రాణాలు దక్కాయి. అయితే మత్స్యకారుడికి ఇల్లు, పడవ, వల ఒకదానికొకటి దగ్గరుండాలి. రెండు కిలోమీటర్ల అవతల కాలనీ ఇస్తే పడవకు కాపలా ఎవరు? వలలు ఎక్కడ ఆరబెట్టాలి? ఇల్లు వెనక్కి, వలల షెడ్డు, పడవ దించే చోటు ముందుకు అని విడదీసి ఇవ్వాలి. రాతి గోడైనా సరే, పడవలు దించడానికి మధ్యలో ఏటవాలు దారులు వదలకపోతే గోడే జీవనోపాధిని తీసేస్తుంది.

ఇంకో మాట. కోత వేరు, ఉప్పెన వేరు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచింది ఉప్పెన. 3 మీటర్ల గోడ దాన్ని ఆపదు. గోడ దాటి లోపలికొచ్చిన నీళ్లు తిరిగి పోలేక ఊళ్లోనే నిలుస్తాయి. తూములకు సముద్రం వైపు మాత్రమే తెరుచుకునే తలుపులు పెట్టాలి. ఖాళీ చేయించే ఏర్పాటుకు ఏ గోడా బదులు కాదు.

రాతిపని:
తూముల మాట ఒప్పుకుంటున్నాను. పాదం తోడుకుపోవడమూ నిజమే, అందుకే పాదం రాళ్లను అంచనా వేసిన గుంత లోతు దాకా దింపాలి. కానీ డ్రెడ్జరు వచ్చేలోపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపానుల కాలం ఉంది. ఇళ్లకు ఆనుకున్న ముక్క వరకైనా రాయి వేయాల్సిందే.

ఇసుకలెక్క:
ఆ ముక్క వరకు ఒప్పుకుంటాను. కొసలను మాత్రం నేల లోపలికి వంచి ముగించండి, లేకపోతే అల వెనక నుంచి తిరిగొస్తుంది. ఇంకా ఉత్తరపు కొస అవతల ప్రతి నెలా కొలవాలి. ఒకే ఎత్తున్న రెండు కర్రలు, వాటి మీద సెంటీమీటరు గుర్తులు, మధ్యన 2 మీటర్ల తాడు చాలు. ఆటు సమయంలో కదలని ఒక గుర్తు దగ్గర మొదలుపెట్టి నీళ్ల దాకా నడవాలి. ఒడ్డు వైపు కర్ర దగ్గర నిలబడి, సముద్రం వైపు కర్ర కొన క్షితిజ రేఖతో (ఆకాశం, సముద్రం కలిసే గీతతో) కలిసేలా చూస్తే, ఆ చూపు ఒడ్డు వైపు కర్రను కొన నుంచి ఎన్ని సెంటీమీటర్ల కింద తాకిందో ఆ 2 మీటర్లలో ఒడ్డు అంత దిగినట్టు. ఊరి కుర్రాళ్లిద్దరు గంటలో చేయగలరు. వచ్చే జూన్‌కి ఆ పన్నెండు కొలతలు చేతిలో ఉంటే ఎక్కడ, ఎంత ఇసుక పోయాలో ఇక్కడే లెక్క వేద్దాం.