గుమ్మడికాయల దొంగ అంటే నేనెందుకు భుజం తడుముకున్నాను?

ప్రశ్న: అందరికీ నమస్కారం. సందేహం చిన్నదే, దాని వెనక కథే కాస్త పెద్దది. మా అపార్టుమెంటు వాట్సాప్‌లో మొన్న రాత్రి కార్యదర్శి గారు ఒక సందేశం పెట్టారు: "నిర్వహణ డబ్బు కట్టకుండా లిఫ్టు వాడుకుంటున్నవారు ఎవరో మాకు తెలుసు." నేను 3వ తేదీనే కట్టేశాను. అయినా సరే, అన్నం ముందు నుంచి లేచి, ఎడమచేత్తో ఫోను అందుకుని, రసీదు వెతికి అందరికీ కనబడేలా పెట్టాను. ఐదు నిమిషాలు కాకముందే కింది అంతస్తు ఆయన, "గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది!" అని రాసి పక్కన మూడు నవ్వు బొమ్మలు కూడా తగిలించారు. కూర చల్లారిపోయింది, కడుపు మాత్రం మండింది. డబ్బు కట్టినదాన్ని, నా మీద ఈ సామెత ఎలా చెల్లుతుంది? అసలు భుజాలే ఎందుకు? దొంగ జేబులు కదా తడుముకోవాలి?

మాస్టారి జవాబు: అమ్మా, ముందు గుమ్మడికాయ సంగతి తేల్చుకుందాం. ఇప్పటివాళ్ళకు గుమ్మడికాయ అనగానే పులుసులో వేసే ఎర్ర గుమ్మడి గుర్తొస్తుంది. దానితో ఈ సామెత నడవదు. ఇక్కడ కావలసింది బూడిద గుమ్మడి, అంటే వడియాలు పెట్టేది, గుమ్మానికి దిష్టికి కట్టేది, సంస్కృతంలో కూష్మాండం అనేది. అది ముదిరిందంటే పైన తెల్లటి పొడి పేరుకుంటుంది. చేత్తో ముట్టుకుంటే చేతికి, భుజాన వేసుకుంటే చొక్కాకు అంటుతుంది. మా పెరటి పాదు కాయను అటక ఎక్కించడానికి భుజాన పెట్టుకున్న ప్రతిసారీ నా కండువా మీద విభూతి రాసినట్టు ఉండేది. సామెతలో దొంగ కూడా అలాగే కాయను భుజాన మోసుకుపోయాడు. మర్నాడు రచ్చబండ దగ్గర ఎవరో "గుమ్మడికాయల దొంగ" అనేసరికి, బూడిద ఇంకా ఉందేమోనని చెయ్యి దానంతటదే భుజం మీదికి వెళ్ళింది. జేబులో పట్టేది దొంగిలించి ఉంటే జేబే తడుముకునేవాడు.

రెండో సంగతి, తడుముకోవడం. చీకట్లో అగ్గిపెట్టె కోసం తడుముకుంటాం, మాట తోచకపోతే తడుముకుంటాం. "తడుముకోకుండా చెప్పాడు" అంటే జంకు లేకుండా చెప్పాడని. కాబట్టి ఆ క్రియలోనే కొంత చీకటి, కొంత బెరుకు ఉన్నాయి. ఈ మధ్య కొందరు "భుజాలు చరుచుకోవడం" అనే మాటను దీనితో కలిపేస్తున్నారు. భుజాలు చరుచుకునేది గర్వంతో, తడుముకునేది భయంతో.

ఇక మూడోది. సామెతను పూర్తిగా చెబితే "తడుముకున్నాడట" అని వస్తుంది. ఆ చివరి "ట" చూడండి. అంటే కళ్ళారా చూసినవాడు ఎవడూ లేడు, ఎవరో చెప్పగా విన్నదే. మీ కింది అంతస్తు ఆయన ఆ "ట" తీసేసి మీకు అంటగట్టారు!

బళ్ళారి నుంచి ఒకరు: మా దగ్గర కన్నడంలోనూ ఇదే ఉంది: "కుంబళకాయి కళ్ళ అందరె హెగలు ముట్టి నోడికొండ." కాయ అదే, భుజమూ అదే. హిందీలో మాత్రం దొంగ గడ్డంలో గడ్డిపరక, "చోర్ కీ దాఢీ మే తిన్‌కా" అంటారు. అక్కడ చెయ్యి భుజానికి బదులు గడ్డం మీదికి పోతుంది.

ప్రశ్న అడిగినవారు: మాస్టారూ, బూడిద సంగతి బాగుంది, చాలా సంతోషం. కానీ నా భుజం మీద బూడిద లేదు కదా? మరి చెయ్యి ఎందుకు వెళ్ళింది? రాత్రంతా దీని గురించే ఆలోచిస్తుంటే ఏడో తరగతి గుర్తొచ్చింది. మా తరగతిలో ఒకమ్మాయి తెచ్చిన ఫీజు డబ్బు పోయింది. మా సారు అందరికీ ఒకే పొడవున్న చీపురుపుల్లలు పంచి, "డబ్బు తీసినవాళ్ళ పుల్ల తెల్లారేసరికి అంగుళం పెరుగుతుంది" అన్నారు. దొంగ భయపడి పుల్ల విరుస్తాడు, దొరికిపోతాడు అన్న కథ మీరంతా వినే ఉంటారు. నేను అప్పటికి వినలేదు. రాత్రి దీపం దగ్గర స్కేలు పెట్టి నా పుల్ల కొలిచాను. మళ్ళీ కొలిచాను. మూడోసారి కొలిచేసరికి నిజంగానే కొంచెం పెరిగినట్టు అనిపించింది. పంటితో చివర కొరికేశాను.

పొద్దున తరగతి మొత్తంలో పొట్టి పుల్ల నాదే. డబ్బు రెండు రోజుల తర్వాత హాజరు పట్టీ అట్ట లోపల దొరికింది, సారే పెట్టి మరిచిపోయారట. (ఈ "ట" నేను కావాలనే పెట్టాను.) దొరికాక కూడా ఆయన నన్ను అడిగింది ఒక్కటే: "తియ్యనిదానివి ఎందుకు కొరికావు మరి?" ఆ ప్రశ్నకు ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు.

ఒక న్యాయవాది: మీ సారు చేతిలోని చీపురుపుల్లకు ఇప్పుడు తీగలు తగిలించి పాలిగ్రాఫ్ అంటున్నారు. ఛాతీకి ఒక పట్టీ, చేతికి రక్తపోటు పట్టీ, వేళ్ళకు చెమట కొలిచే బిళ్ళలు. అది ఊపిరినీ నాడినీ చెమటనూ కొలుస్తుంది. అబద్ధాన్ని కొలిచే సాధనం అందులో ఎక్కడా లేదు. కంగారు పడ్డ అమాయకుడు దానికి దొంగలాగే కనిపిస్తాడు. గుండె దిటవున్న దొంగ నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంటాడు. 2010 మే 5న సుప్రీంకోర్టు పాలిగ్రాఫ్, నార్కో (మందు ఎక్కించి మత్తులో ప్రశ్నలడగడం), బ్రెయిన్ మ్యాపింగ్ (మెదడు తరంగాలు కొలవడం) పరీక్షలు మనిషి ఒప్పుకోకుండా చేయరాదని చెప్పింది. నేరారోపణ ఎదుర్కొంటున్నవారిని తమకు వ్యతిరేకంగా తామే సాక్ష్యమివ్వమని బలవంతపెట్టరాదని రాజ్యాంగం 20(3) అధికరణంలో ఉంది. "తప్పు చెయ్యకపోతే భయమెందుకు?" అనే మాట ఠాణాలోనూ, టీవీ చర్చల్లోనూ, ఇళ్ళలోనూ నేను రోజూ వింటాను. ఎంతో తెలివైన ప్రశ్నలా వినిపిస్తుంది. అది మన సామెతకు తమ్ముడే. నా అనుభవంలో ఠాణా గడప తొక్కగానే ముందు వణికేది ఫిర్యాదు ఇవ్వడానికి వచ్చినవాళ్ళే.

పదవీ విరమణ చేసిన ఒకరు: నాకూ ఒక భుజం కథ ఉంది. 1975 జూన్ 26 పొద్దున రేడియోలో ఇందిరా గాంధీ గారు, రాష్ట్రపతి అత్యవసర పరిస్థితి ప్రకటించారనీ భయపడవలసింది ఏమీ లేదనీ చెప్పారు. అప్పటికి నాకు పదకొండేళ్ళు. భయం అనే మాట ఆ పూట ఆవిడ నోటి నుంచే మా ఇంటికి వచ్చింది. మా నాన్నగారు ప్రభుత్వ గుమాస్తా. సభలకు వెళ్ళరు, పార్టీ లేదు, చందాలు ఇవ్వరు. అటక మీద ఒక కట్ట పాత వారపత్రికలు ఉండేవి, వాటిలో నిషేధించినది ఒక్కటీ లేదు. విచారణ లేకుండా నిర్బంధించే మీసా చట్టం కింద పట్టుకుపోతున్నారన్న కబుర్లు ఆఫీసులో విని, ఒక రాత్రి ఆయన ఆ కట్టంతా నీళ్ళ కాగు కింద పెట్టి కాల్చేశారు. ఎవరూ సోదాకు రాలేదు, ఎవరూ ఒక్క మాట అడగలేదు. మర్నాడు అమ్మ ఆ బూడిదతో గిన్నెలు తోముతుంటే పత్రిక పిన్ను వేలికి గుచ్చుకుంది. "ఏమి కాల్చారండీ?" అని అడిగింది. ఆయన వినబడనట్టు చొక్కా తొడుక్కుని వెళ్ళిపోయారు.

లక్షకు పైగా మనుషులను ఆ రోజుల్లో లోపల వేశారు. జైలుకు వెళ్ళినవాళ్ళ లెక్క దొరుకుతుంది కానీ, వేళ్ళకు గుచ్చుకున్న పిన్నులు ఎవరు లెక్కపెట్టారు?

ఇంకొకరు: అయ్యా, మీరంటే గౌరవం ఉంది కానీ ఒక్క మాట. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అంత భయమే ఉంటే 1977 లోక్‌సభ ఎన్నికల్లో 42 స్థానాలకు 41 కాంగ్రెస్‌కు ఎలా వచ్చాయి? జనతాకు దక్కింది నంద్యాలలో నీలం సంజీవరెడ్డి గారి స్థానం ఒక్కటే. ఉత్తరాది భయాన్ని తెచ్చి మన అటక మీద పెట్టకండి.

పదవీ విరమణ చేసినవారు: మీరన్నది నిజమే. బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు ఉత్తరాదిలో ఊళ్ళకు ఊళ్ళను తాకినట్టు ఇక్కడ తాకలేదు. మా నాన్నగారు కూడా ఓటు కాంగ్రెస్‌కే వేశారు. రైళ్ళు వేళకు వస్తున్నాయని పదిమందికీ చెప్పినది ఆయనే, పత్రికలు కాల్చినదీ ఆయనే. ఆ రెండూ ఒకే మనిషిలో ఎలా ఇమిడాయో నాకు అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది. కానీ ఇక్కడ భయం లేదనకండి. 1975 డిసెంబరు 1న హైదరాబాదు ముషీరాబాద్ జైలులో నక్సలైటు ఉద్యమకారులు భూమయ్యను, కిష్టాగౌడ్‌ను ఉరి తీశారు. ఆ ఉరి ఆపమని అంతకుముందు వీధుల్లో అడిగినవాళ్ళు, ఆ డిసెంబరులో అడగగలిగే స్థితిలో లేరు. భయం అందరి ఇళ్ళకూ ఒకే కొలతలో రాదండీ.

మాస్టారు: ఇంతదూరం వచ్చాం కాబట్టి వ్యాకరణం వైపు నుంచి ఒక ముక్క. మొదటి టపాలోని కార్యదర్శి గారి వాక్యం మళ్ళీ చదవండి: "ఎవరో మాకు తెలుసు." పేరు చెబితే ఆ ఒక్కడే ఉలిక్కిపడతాడు. "ఎవరో" అంటే వినేవాళ్ళందరూ ఉలిక్కిపడతారు. మన రాజకీయ ఉపన్యాసాల్లో "కొన్ని శక్తులు", "కొందరు వ్యక్తులు", ఒకప్పటి "విదేశీ హస్తం" ఇలా పుట్టినవే. సామెతలో కూడా అరిచినవాడు పేరు చెప్పలేదు, గమనించారా? మనం ఇన్నేళ్ళుగా భుజం తడుముకున్నవాడినే చూసి నవ్వుతున్నాం. అరిచినవాడు ఎవడని ఎవరూ అడగలేదు. వాడి దగ్గర ఆధారం ఉంటే అరవడమెందుకు?

ప్రశ్న అడిగినవారు: మాస్టారూ, మీరు రాసినది చదివాక మా గ్రూపు మళ్ళీ తెరిచి చూశాను. నా తర్వాత ఇంకో పద్నాలుగు మంది రసీదులు పెట్టారు. కింది అంతస్తు ఆయన కూడా పెట్టారు, రాత్రి 11:40కి, నవ్వు బొమ్మలు లేకుండా. ఈ పొద్దున లిఫ్టులో కార్యదర్శి గారు కనబడితే, కట్టనివారు ఎవరని అడిగాను. "నాకేం తెలుసండీ, ఖాతా పుస్తకం ఇంకా చూడలేదు. అలా అంటే అందరూ కడతారని పెట్టాను" అన్నారు.