హాడ క్షయ, గుల్లబారడం: మందు గురించి చెప్పేటప్పుడు ఏ క్రియ వాడాలి?

గుణుపురం నుంచి ఒకరు అడిగారు, ఒడియాలో రాసే "హాడ క్షయ"ను, అంటే ఆస్టియోపోరోసిస్ జబ్బును, తెలుగులో ఎముకల క్షయ అనేయొచ్చా అని. దయచేసి అనొద్దండి. ఒడియాలో క్షయ అంటే తరిగిపోవడం, టీబీకి వాళ్లు యక్ష్మా అంటారు. మనకు క్షయ అంటే టీబీయే. ఇక్కడ పర్లాకిమిడిలో డాక్టరు ఒడియాలో చెప్పింది ఇంటికొచ్చి తెలుగులో చెప్పుకునేసరికి టీబీ అయిపోయి, పాపం ఒక మామ్మగారి కంచం, గ్లాసు వేరు పెట్టేశారు. "అరిగిపోవడం" కూడా కుదరదు, ఆ మాట మోకీళ్ల నొప్పులకి ఎప్పుడో స్థిరపడిపోయింది. గుల్లబారడం అన్నదే సరైన మాట. చెద తిన్న దూలం పైకి బాగానే కనిపించినట్టు, ఈ జబ్బులో కూడా ఎముక విరిగేదాకా చాలామందికి ఏమీ తెలియదు.

పేరు సంగతి అలా ఉంచితే, నా అసలు బాధ మందుల గురించి. ఏ మందునైనా "ఎముకను గట్టిపరుస్తుంది" అని ఒక్క ముక్కలో తేల్చేస్తున్నాం. ఆస్టియోక్లాస్ట్ అనే కణం పాత ఎముకను కరిగిస్తుంది, ఆస్టియోబ్లాస్ట్ వచ్చి ఆ గుంతను కొత్త ఎముకతో పూడుస్తుంది, ఇది బతికున్నన్నాళ్లూ నడిచే పని. ముట్లు ఆగిపోయాక ఈస్ట్రోజెన్ తగ్గి కరగడం పెరుగుతుంది, పూడ్చడం దాన్ని అందుకోలేదు.

వారానికోసారి పరగడుపున వేసుకుని అరగంట నడుం వాల్చొద్దనే అలెండ్రోనేట్ మాత్ర ఎముకకు అతుక్కుని ఉండి, కరిగించడానికి వచ్చిన కణంలోకి వెళ్లి దాన్నే దెబ్బతీస్తుంది. దానికి "కరగడాన్ని ఆపుతుంది" అనాలి. రోజూ వేసుకునే టెరిపారటైడ్ ఇంజెక్షన్ పూడ్చే కణాలను పనిలోకి దింపుతుంది, కాబట్టి "కడుతుంది" నప్పుతుంది. ఆ కోర్సు అయ్యాక కట్టింది నిలవాలంటే మళ్లీ ఆపే మందు కావాలి. రొమొసోజుమాబ్‌కి రెండు క్రియలూ అవసరమే. ఎముక లోపల ఉండే ఆస్టియోసైట్ కణాలు వదిలే స్క్లెరోస్టిన్‌ను అది అడ్డుకుంటుంది, దాంతో కట్టడం పెరిగి కరగడం తగ్గుతుంది.

డెనోసుమాబ్ దగ్గర మాత్రం చాలా జాగ్రత్తగా ఉండాలి. 6 నెలలకోసారి 60 మిల్లీగ్రాముల సూది, ర్యాంక్‌ఎల్ అనే ప్రోటీన్‌ను పట్టేసి కరిగించే కణాలు తయారవకుండా చూస్తుంది. "గట్టిపరిచింది" అని చెప్పామనుకోండి, పని అయిపోయిందిలే అని తర్వాతి సూది ఎగ్గొడతారు. అప్పుడు ఆగి ఉన్న కరగడమంతా ఒక్కసారిగా ఊపందుకుంటుంది, కొందరికి వెన్నుపూసలు ఒకటికి రెండు విరిగిపోతాయి. అందుకే "ఆపి ఉంచుతుంది" అనాలని నా పట్టుదల. ఆ "ఉంచుతుంది"లోనే సూది మానకూడదన్న సంగతి ఉంది. మానాల్సి వస్తే బదులు ఏం వేసుకోవాలో ముందే డాక్టర్ని అడగాలి.

రాయగడ నుంచి జవాబు: బాగా చెప్పారండీ. కానీ "కరగడం" అంటే మా అత్తమ్మ ఎముక నీరైపోతోందని హడలిపోతారు. "తినేయడం" అందామా?

పర్లాకిమిడి: అనండి, చెద అనగానే అది ఎలాగూ నోటికొస్తుంది. "తినే కణాలను చంపుతుంది" అని మాత్రం వద్దండి. పాత ఎముకను తీసేయడానికి ఆ కణాలూ ఒంటికి కావాలి, పైగా చంపే మందంటే పెద్దవాళ్లు అసలు ముట్టుకోరు.