ఏడో నెల... రాత్రయితే పోతానేమోనని భయం

మిర్యాలగూడ_కోడలు:
రిపోర్టులన్నీ బాగానే ఉన్నాయి. అయినా రాత్రి రెండింటికి మెలకువ వస్తే కాన్పులో పోతానేమోనని గుండె దడ. మా పెద్దమ్మ తొలి కాన్పులోనే పోయింది, ఇంట్లో ఆమె మాట ఎవరూ ఎత్తరు. నిన్న మా ఆయనకు తెలియకుండా గ్యాస్ బుకింగ్ నంబరు, చిట్టి కట్టే తేదీ, బీరువా తాళం ఎక్కడుందో నోట్‌బుక్‌లో రాసిపెట్టాను. ఇలా ఎవరికైనా అయిందా, నాకే పిచ్చా?

పాలమూరు_పిల్ల:
పిచ్చేం కాదు చెల్లె. నేనైతే నా పట్టుచీరలు ఎవరికివ్వాలో కూడా మనసులో పంచేశాను. సీమంతం రోజు గాజులు తొడుగుతూనే ఒకామె ‘మా ఆడబిడ్డ కూడా ఇట్లనే ఉండె, పాపం’ అని మొదలుపెట్టింది. కడుపుతో ఉన్నవాళ్లను చూస్తేనే గుర్తొస్తాయేమో ఈ కథలు! మా ఆయన ముంబైలో పని మానుకొని వచ్చాక సగం తగ్గింది.

అచ్చంపేట_నాన్న:
‘నేను పోతే మళ్లీ పెండ్లి చేసుకుంటవా’ అని నా భార్య అడిగితే నవ్వాను. ఆమె నవ్వలేదు. అప్పుడు అర్థమైంది.

దేవరకొండ_ఆశా:
ముందు పెద్దమ్మకు ఏమైందో అడుగమ్మా. నేను విన్న పాత సంగతుల్లో ఎక్కువ ఇంటి కాన్పులే, మాయ పడ్డాక రక్తం ఆగకపోవడమే. ఇప్పుడు ఆస్పత్రిలో బిడ్డ పుట్టగానే రక్తం పోకుండా ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ ఇస్తారు. 2018-20 లెక్కల్లో తెలంగాణలో లక్ష జననాలకు 43 మంది తల్లులు చనిపోయారు. సున్నా అని అబద్ధం చెప్పను. అందుకే హిమోగ్లోబిన్ 11 కంటే తగ్గిందేమో చూసుకో, ఐరన్ గోళీలు మానకు, టీతో అసలే వేసుకోకు. తలనొప్పి ఆగకపోయినా, చూపు మసకబారినా, రక్తం కనబడినా వెంటనే 108కి ఫోన్ చెయ్యి.

హాలియా_అమ్మ:
రిపోర్టు బాగుంటే భయం పోతుందంటే నేను ఒప్పుకోను. మొదటి కాన్పులో నొప్పులకు అరిస్తే కసిరారు, పక్కన ఒక్కరూ లేరు. అందుకే రెండోసారి భయం రెట్టింపైంది. నిద్ర, తిండి పోయాక మనసు బాధలకు సర్కారు పెట్టిన హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేశాను. ఫ్రీయే, తెలుగులోనే మాట్లాడారు. డాక్టరుకు కూడా దాచకుండా చెప్పు.

మిర్యాలగూడ_కోడలు:
అమ్మను అడిగాను. అర్ధరాత్రి కాన్పట, రక్తం ఆగలేదట, బండి దొరికేసరికి తెల్లారిందట. ‘నువ్వు భయపడతావని చెప్పలే’ అంది. ఇద్దరం ఏడ్చాం. రాత్రి నిద్ర పట్టింది, ఇవాళ ఏమవుతుందో చూడాలి. ఆ నోట్‌బుక్ మా ఆయన కంట పడింది. ఏమీ అనలేదు. కింద నా బ్లడ్ గ్రూపు, రక్తం ఇస్తామన్న ఇద్దరు దోస్తుల నంబర్లు రాశాడు. చిట్టి తేదీ తప్పు రాశానట, అదీ దిద్దాడు.