వన్‌టౌన్‌లోని చిత్రకళా పాఠశాల మేడ ఏనాటిదో తెలుసుకోవడమెలా?

విశాఖపట్నం వన్‌టౌన్‌లో మా చిత్రకళా పాఠశాల నడుస్తున్న పాత గారగోడల మేడ ఏ సంవత్సరంలో కట్టినదో నిర్ధారించవలసి ఉంది. పైకప్పు మంగుళూరు పెంకుల మీద బాసెల్ మిషన్ ముద్రతోపాటు 1865 అని ఉన్నది. చూసినవారందరూ అది మేడ కట్టిన సంవత్సరమనే అనుకుంటున్నారు గాని, అది ఆ పెంకుల కర్మాగారం మొదలైన సంవత్సరమే తప్ప పెంకు కాల్చిన సంవత్సరం కాదు. పైగా కప్పును తరువాత మార్పించి ఉండవచ్చు. ఆన్‌లైన్ ఈసీలో (ఆస్తి మీద జరిగిన రిజిస్టర్డ్ లావాదేవీలను చూపే ధ్రువపత్రం) 1983కు పూర్వపు లావాదేవీలు కనబడవు. యజమాని వద్ద పాత దస్తావేజులు లేవు, ఇంటిపన్ను కాగితంలో కట్టడపు సంవత్సరం గడి ఖాళీగా ఉంది. విశాఖ మద్రాసు రాష్ట్రంలో ఉన్న 1953కు ముందటి పట్టణ సర్వే పటాలు, రిజిస్టర్లు చూడడానికి ఇక్కడి జిల్లా సర్వే కార్యాలయంలో దరఖాస్తు చేస్తే సరిపోతుందా, లేక చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌కే వెళ్లవలసి ఉంటుందా?