ఎస్‌ఎస్‌డీ వేసినా బూట్ ఇంకా ఆలస్యం, ఎక్కడ చూడాలి?

ప్రశ్న: 500 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ కంటే వేగంగా పనిచేసే డ్రైవ్) పెట్టి, పాత హార్డ్ డిస్క్‌లోని విండోస్ 10ని దానిలోకి క్లోన్ (ఉన్నదున్నట్టు కాపీ) చేశాను. పాత డిస్క్ కూడా లోపలే ఉంది. అయినా డెస్క్‌టాప్ రావడానికి నిమిషం దాటుతోంది. ఏం చేయాలి?

జవాబు 1: ముందు విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్ టూల్‌లో ‘బూట్’ అని ఏ డిస్క్ మీద ఉందో చూడండి. చాలాసార్లు సిస్టమ్ ఇంకా పాతదాని నుంచే లేస్తుంటుంది. షట్‌డౌన్ చేసి, పాత డిస్క్ సాటా కేబుల్ పీకేసి ఆన్ చేయండి. లేవకపోతే, బూట్ ఫైళ్లుండే చిన్న సిస్టమ్ పార్టిషన్ (డిస్క్‌లో ఒక భాగం) క్లోన్‌లో రాకపోయి ఉండొచ్చు. అన్ని పార్టిషన్లూ కలిపి మళ్లీ క్లోన్ చేయండి.

జవాబు 2: బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రామ్) సాటా మోడ్, అంటే డిస్క్‌తో మాట్లాడే పద్ధతి, పాతదైన ఐడీఈ అని ఉంటే కొత్తదైన ఏహెచ్‌సీఐకి మార్చాలి. దయచేసి నేరుగా మార్చకండి, ఏహెచ్‌సీఐ డ్రైవర్ బూట్‌లో లోడ్ కాక నీలి తెర వచ్చే ప్రమాదం ఉంది. ముందు విండోస్ బూట్ సెట్టింగుల టూల్ ఎంఎస్‌కాన్ఫిగ్‌లో ‘సేఫ్ బూట్’ టిక్ పెట్టి రీస్టార్ట్ చేయండి, అప్పుడే బయోస్‌లో మార్చండి. సేఫ్ మోడ్‌లోకి వచ్చాక టిక్ తీసేస్తే సరి.

జవాబు 3: టాస్క్ మేనేజర్ స్టార్టప్ ట్యాబ్‌లో ‘లాస్ట్ బయోస్ టైమ్’ కూడా చూడండి (విండోస్ మొదలయ్యేలోపు బయోస్ తీసుకున్న సమయం; కొత్త తరహా బయోస్ అయిన యూఈఎఫ్‌ఐ మోడ్‌లోనే కనిపిస్తుంది). అది 20 సెకన్లుంటే ఆలస్యం మదర్‌బోర్డు దగ్గరే. బయోస్‌లో నెట్‌వర్క్ బూట్ (నెట్‌వర్క్ నుంచి సిస్టమ్ లేవడం) ఆపి, ఫాస్ట్ బూట్ ఆన్ చేయండి.