‘ఇన్‌క్యునాబులా’ని తెలుగులో ఏమందాం?

ప్రశ్న: నగర చరిత్రలు, సముద్రయానాల మీద వచ్చిన అతి పాత అచ్చు పుస్తకాలు సేకరించడం గురించి వ్యాసం రాస్తున్నాను. ‘ఇన్‌క్యునాబులా’ అన్న మాట పదే పదే వస్తోంది. ‘తొలి ముద్రణలు’ అంటే సరిపోతుందా?

జవాబు: సరిపోదండీ. తొలి ముద్రణ అనగానే ఫలానా పుస్తకం మొట్టమొదట అచ్చయిన ప్రతి అనుకుంటాం. ఇన్‌క్యునాబులా అంటే ఐరోపాలో 1500 చివరిలోగా అచ్చయిన ఏ పుస్తకమైనా. సేకరించేవాళ్లకు ఈ రెండూ వేరు. కొలంబస్ తన తొలి సముద్రయానం గురించి రాసిన ఉత్తరమే చూడండి. 1493లో బార్సిలోనాలో స్పానిష్‌లో మొదట అచ్చయింది. ఆ ముద్రణలో తెలిసినంతవరకు మిగిలింది ఒక్కటే ప్రతి, న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో ఉంది. అదే ఏడాది లాటిన్ అనువాదాన్ని రోమ్‌లో వేశారు, తర్వాత పారిస్, బాసెల్‌లలోనూ వేశారు. అవేవీ తొలి ముద్రణలు కావు, కానీ అన్నీ ఇన్‌క్యునాబులాయే. అటు హక్లూయిట్ అనే ఆంగ్ల రచయిత ఆంగ్లేయుల నౌకాయానాలను కూర్చి 1589లో లండన్‌లో వేయించిన సంపుటం అసలు సిసలు తొలి ముద్రణ. ఎంత అపురూపమైనా దానికి ఈ పేరు చెల్లదు.

గీత 1500 చివర ఉంది మరి. ఐరోపాలో ఆ లోపు అచ్చయినవాటికే ఆ పేరు. 1640లో మాలింక్రోట్ అనే జర్మన్ పండితుడు అచ్చు పుట్టుక గురించి రాస్తూ ఈ మాట వాడాడు, ఆ హద్దూ పెట్టాడు. లాటిన్‌లో ఆ మాటకు పొత్తిళ్లు, ఉయ్యాల అని అర్థం. అచ్చుకళ ఇంకా పొత్తిళ్లలో ఉన్న కాలమని భావం. అందుకే ‘పొత్తిళ్ల పుస్తకాలు’ అనమంటాను. ‘పొత్తిళ్ల పొత్తాలు’ చెవికి ఇంకా ఇంపు, కానీ పొత్తం ఇప్పుడు వాడుకలో లేదు.

మరొకరు: పసిపిల్లల పుస్తకాలనుకోరూ?

జవాబు: మొదటిసారి వాడినచోట ‘1501కి ముందు అచ్చయినవి’ అని చేరిస్తే అనుకోరండీ. ‘ఆద్యముద్రితాలు’ అంటే మళ్లీ తొలి ముద్రణ గొడవే. నగరాల విషయంలోనూ ఈ హద్దు పాటించాలి. 1493 నాటి న్యూరెంబర్గ్ క్రానికల్ అనే బొమ్మల లోకచరిత్ర పొత్తిళ్ల పుస్తకమే. అందులో 1,809 బొమ్మలున్నా చెక్క అచ్చులు 645 మాత్రమే, అంటే ఒకే ఊరి బొమ్మను వేర్వేరు ఊళ్ల పేర్లతో వాడారు! వెనిస్, న్యూరెంబర్గ్ లాంటివాటి బొమ్మలు మాత్రం ఆయా ఊళ్ల అసలు రూపాన్ని చూపేవే. ఇక బ్రౌన్, హోగెన్‌బెర్గ్‌ల ఆరు సంపుటాల నగర చిత్రాలు 1572 నుంచి 1617 దాకా వచ్చాయి. కాలికట్, గోవా బొమ్మలున్న ఆ పుస్తకమంటే నాకు ప్రాణం, అయినా అది హద్దుకు ఇవతలిదే. అలాంటివాటిని ‘పదహారు, పదిహేడో శతాబ్దాల అచ్చులు’ అనండి, చాలు.

ప్రశ్న అడిగినవారు: బాగుందండీ, పొత్తిళ్ల పుస్తకాలే వాడతాను. పుస్తకం చివర ముద్రాపకుడు, ఊరు, తేదీ చెప్పే ‘కొలొఫన్’ సంగతేమిటి?

జవాబు: మన కావ్యాల్లో ఆశ్వాసం చివర కవి పేరు, తండ్రి పేరు చెప్పేది గద్య కదా. ‘ముద్రణ గద్య’ అంటే ఎలా ఉంటుందో మిగతావారూ చెప్పండి.