సమస్య: “నాల్గు మూలలఁ గోణముల్ నాల్గు మూళ్ళు”

ఛందస్సు తేటగీతి. పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్ళీ రెండు సూర్యగణాలు. నాలుగో గణం మొదటి అక్షరం యతిస్థానం, అంటే అది పాదం మొదటి అక్షరంతో పొసగాలి. ప్రాస అక్కర్లేదు. నాలుగు మూలలకు పన్నెండు కోణాలెలా వస్తాయో పిరమిడ్లను ఆధారం చేసుకుని చెప్పాలి.

పూరణ 1

అడుగు త్రిభుజంబు; ప్రక్కల నవియె మూడు;
కొసకుఁ గొసకు ముక్కోణముల్ కూడు మూడు;
కలిపి లెక్కింప వింతేమి కలదు చెపుమ?
నాల్గు మూలలఁ గోణముల్ నాల్గు మూళ్ళు.

సమీక్ష: చతుర్ముఖిని (నాలుగు త్రిభుజ ముఖాల పిరమిడ్‌ను) పట్టారు, అభినందనలు. నాలుగు త్రిభుజాలకు మూడేసి అని ముఖాల వైపు నుంచి లెక్కించినా పన్నెండే. ‘కొ–కూ’ యతి నిర్దోషం.

పూరణ 2

నైలు చెంత ఖుఫుకుఁ గట్టినట్టి గోరి
నేల నొక్కటి, గోడల నిలుచు రెండు;
శిఖరమున నింకఁ గోణముల్ చెల్లిపోయె;
నాల్గు మూలలఁ గోణముల్ నాల్గు మూళ్ళు.

సమీక్ష: ఈజిప్టు రాజు ఖుఫు సమాధి అయిన చదరపు పిరమిడ్‌లో నేల మూలలను మాత్రమే తీసుకోవడం చక్కటి ఎత్తుగడ. రెండో పాదం నాకెంతో నచ్చింది. గణాలూ యతులూ సరిగ్గా ఉన్నాయి, తప్పంతా మూడో పాదం భావంలోనే. శిఖరం మొన తేలినంత మాత్రాన కోణాలు చెల్లిపోవు; నాలుగు గోడల కోణాలు నాలుగూ అక్కడే ఉన్నాయి. మొత్తం పదహారు. ఇలా మారిస్తే సరి:

శిఖరమున నున్న నాల్గును చెప్పనేల?

పూరణకర్త: సవరణకు ధన్యవాదాలండీ. ఆ కట్టడం వాలు 51 డిగ్రీల 50 నిమిషాలంటారు కదా, గోడ త్రిభుజంలో అది ఏ కోణం?

సమీక్ష: ఏదీ కాదు. అది గోడకూ నేలకూ మధ్య కోణం. అంచుల దగ్గర ఏర్పడే ఇలాంటివి వేరే జాతి. వాటిని లెక్కిస్తే ఈ పిరమిడ్‌కు ఎనిమిది. భుజం సుమారు 230 మీటర్లు, కట్టినప్పటి ఎత్తు సుమారు 146.6 మీటర్లు తీసుకుంటే గోడ త్రిభుజానికి అడుగున 58.3 డిగ్రీల చొప్పున రెండు, పైన 63.4 డిగ్రీలు వస్తాయి. పదహారింటినీ కూడితే 1080. నాలుగు త్రిభుజాలకు 720, చదరానికి 360 కనుక సరిపోయింది. కోణాలు తప్పిపోయాయేమో చూసుకోవడానికి ఈ కూడిక పనికొస్తుంది.

పూరణ 3 (మూడో పాదం మాత్రం)

మూడు పలకలు ప్రతి మొనఁ జేరుచుండ

సమీక్ష: ‘మూ’కు ‘జే’ యతి చెల్లదు. ప్రాసయతి (రెండో అక్షరాల పొత్తు) అందామన్నా ‘డు’కు ‘రు’ కుదరదు. “మూడు పలకలు ప్రతి చోట ముడిపడంగ” అనండి. ఇది కూడా చతుర్ముఖికే చెల్లుతుంది. అడుగు ఎన్ని భుజాలదైనా నేల మూలకు మూడు కోణాలే. శిఖరానికి మాత్రం అడుగుకెన్ని భుజాలుంటే అన్ని. అందుకే మొత్తం ఎప్పుడూ భుజాల సంఖ్యకు నాలుగు రెట్లు. మూలల సంఖ్యను మూడుతో గుణించేస్తే చదరపు పిరమిడ్‌కు పదిహేనే వస్తాయి, ఒకటి తగ్గుతుంది. షడ్భుజపు పిరమిడ్‌కైతే ఇరవై నాలుగు రావాల్సిన చోట ఇరవై ఒకటే.

ఈ మెలికమీదే తర్వాతి సమస్య, ఛందస్సు అదే:

ఆఱు మూలలఁ గోణంబు లైదు నాల్గు